బఠాణీ గింజంత క్రీము

చర్మం డాక్టరు ఇంటి తలుపు అర్ధరాత్రి ఎవరూ కొట్టరు. గుండె డాక్టరుకీ కాన్పుల డాక్టరుకీ ఉన్న ఆ గౌరవం మాకు లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు అద్దాన్ని అడుగుతారు, తర్వాత పక్కింటావిడని, ఆ తర్వాత బ్యూటీ పార్లరుని, మందుల షాపుని. ఇంట్లో శనగపిండీ పసుపూ నిమ్మకాయలూ అయిపోయాక మా దగ్గరికి వస్తారు. వచ్చి కూర్చుని, "ఇది మొన్ననే వచ్చిందండి" అంటారు.

తెనాలిలో సొంత క్లినిక్కు, వారంలో ఒక రోజు రేపల్లె, ఒక రోజు బాపట్ల. నా ఉద్యోగ జీవితమంతా ఈ మూడూళ్ల మధ్యే తిరిగింది. ఈ మధ్యే మానేశాను. నా కుర్చీలోకి వచ్చిన కుర్ర డాక్టరమ్మ, "మేడమ్, గజ్జీ తామరా పుస్తకాల్లో ఉన్నాయి. ఎండకి పాడైన మొహాలు, వయసు మొహాలు తెచ్చేవాళ్లతో ఎలా మాట్లాడాలో మాత్రం ఎక్కడా లేదు. అది రాసిపెట్టండి" అంది. అందుకని ఇది రాస్తున్నాను.

పెద్దడాక్టరు గారి వెటకారం

నేను పని నేర్చుకున్నది తెనాలిలో ఒక పెద్దడాక్టరు గారి దగ్గర. కుష్ఠు మచ్చని గుమ్మంలోనే గుర్తుపట్టే మనిషి. ప్రతి రోగినీ ఆయన అడిగే మొదటి ప్రశ్న రోగం గురించి కాదు, ఎండ గురించి. పొలమా, కొట్టా, ఆఫీసా? గొడుగు పడతావా? సైకిలా, బస్సా? ఆ అలవాటు ఆయన దగ్గరే నాకు వచ్చింది. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎవరి మొహం చూసినా, ఈయన ఏ వైపు కూర్చుని పని చేస్తాడా అనే ఆలోచిస్తాను.

కానీ ముడతలకి మందు ఉందా అని ఏ ఆడమనిషైనా అడిగిందంటే అంత గొప్ప మనిషీ మారిపోయేవాడు. "ఏం, సినిమాల్లో చేరతావా?" అనేవాడు గట్టిగా, బయట బల్ల మీదున్న వాళ్లందరికీ వినపడేలాగా. అందరూ నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేది. నవ్వి, తిన్నగా మా వీధి చివరున్న పార్లరుకి వెళ్లేది. కొన్నాళ్లకి మొహమంతా పొక్కులతో మళ్లీ మా దగ్గరికే వచ్చేది. అప్పుడు ఆయన ఎంతో శ్రద్ధగా వైద్యం చేసేవాడు. అప్పటికి అది రోగం అయింది కదా!

మా పెద్దడాక్టరు గారి మీద నాకు గౌరవం తగ్గలేదు గానీ, ఆ వీధి చివరి పార్లరుకి ఆయన పంపినంత మందిని దాని బోర్డు కూడా పంపలేదని నా అభిప్రాయం.

క్రీము ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

రెటినాయిడ్ క్రీములంటే విటమిన్ ఎ కుటుంబానికి చెందిన పూతమందులు. ఎండకి గరుకెక్కిన చర్మాన్ని నునుపు చేస్తాయి, మచ్చల రంగు తగ్గిస్తాయి, కళ్ల పక్కన సన్నటి గీతల్ని పలచబరుస్తాయి. లోతైన ముడతల్ని పూడ్చలేవు. జారిన బుగ్గని లేపలేవు. తెల్లగా చెయ్యడం వాటి పని కానే కాదు. పడుకోబోయే ముందు, మొహం కడిగి ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని మొహం మొత్తానికి పలచగా రాయాలి. మొదట్లో రోజు విడిచి రోజు. ఎర్రబడుతుంది, మండుతుంది, పొట్టు లేస్తుంది, కొన్ని వారాలకి సర్దుకుంటుంది. పగలు సన్‌స్క్రీన్ రాయకపోతే పడిన శ్రమంతా వృథా. గర్భిణులు, కావాలనుకుంటున్నవాళ్లు దీని జోలికి పోకూడదు. ఫలితం కనపడ్డానికి నెలలు పడుతుంది.

ఇది నేను చెప్పేది. రోగికి వినపడేది: "తెల్లగా... నునుపుగా... పెళ్లిలోపు."

మందుల కంపెనీ కుర్రాడు కూడా ఇదే మాట టై కట్టుకుని చెప్పేవాడు. "మేడమ్, పదేళ్లు వెనక్కి తీసుకెళ్తుందండి" అన్నాడొకసారి. "పదేళ్ల కింద నువ్వు ఇంటర్లో ఉన్నావు, అక్కడికే వెళ్లి చదువుకో" అన్నాను. మళ్లీ వచ్చినప్పుడు కాలెండరు ఇచ్చాడు గానీ ఆ మాట ఎత్తలేదు.

రేపల్లె టీచరు గారు

ఇక అసలు కేసు. ఒక చలికాలం రేపల్లెలో నా గదిలోకి రత్నకుమారి టీచరు గారు వచ్చారు. రిటైరై కొంత కాలం అయింది. లూథరన్ చర్చిలో పాటల జట్టుని నడిపిస్తారు. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణీ చెల్లెళ్లనీ చదివించి, పెళ్లిళ్లు చేసి, తన పెళ్లి సంగతి అడిగేవాళ్లు లేక అలాగే ఉండిపోయిన మనిషి. సర్వీసంతా కొల్లూరు వైపు బళ్లలోనే చేశారు. బస్సు దిగి కట్ట మీద నడక, ఆటస్థలంలో ఎండ. చెంపల మీద మంగు మచ్చలు, మెడ మీద మందమెక్కిన చర్మం.

కుర్చీలో నిటారుగా కూర్చుని, "డాక్టరు గారూ, నాకు ఈస్టరు తర్వాత పెళ్లండి" అన్నారు. అని, నా మొహం వంక చూశారు. నవ్వుతానేమో అని పరీక్ష పెట్టినట్టు.

నేను నవ్వలేదు. "చాలా సంతోషం టీచరు గారూ. పెళ్లికొడుకు ఎవరు?" అన్నాను.

"ప్రభుదాసు గారని, బస్సు డ్రైవరు చేసి రిటైరయ్యారు. తెనాలి రూటులో ఆయన బస్సులోనే నేను బడికి వెళ్లేదాన్ని. అప్పుడు మాటల్లేవండి. ఎక్కేటప్పుడు నమస్కారం, దిగేటప్పుడు నమస్కారం. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. మొన్న చర్చి పండక్కి వచ్చి, ఆయనే అడిగారు."

"మీరేమన్నారు?"

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు అన్నాను."

అప్పుడు మాత్రం ఇద్దరం నవ్వుకున్నాం. చీటీ రాసి, బఠాణీ గింజ పాఠమంతా చెప్పాను. పెళ్లిలోపు పెద్ద మార్పు ఆశించవద్దని కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. లేచి వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఈ సంగతి ఆయనకి తెలియకూడదండి. ఈ వయసులో సోకేంటి అనుకుంటారు" అన్నారు.

బాపట్లలో సగం మొహం

తర్వాతి వారం బాపట్లలో, పొడుగ్గా ఉన్న ఒక పెద్దమనిషి నా ఎదురుగా కూర్చుని, అడక్కుండానే తలని ఎడమకీ కుడికీ తిప్పి చూపించాడు. ఎడమ చెంప యాభై ఏళ్ల మనిషిది. కుడి చెంప వాళ్ల నాన్నది. కుడి వైపంతా మందంగా, గాట్లు పెట్టినట్టు ముడతలు, మచ్చలు.

"డ్రైవరా?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మీకెలా తెలుసండి?"

మన బస్సుల్లో డ్రైవరు కుడి వైపు కిటికీ పక్కన కూర్చుంటాడు. సర్వీసంతా ఎండ ఆ చెంప మీదే పడుతుంది. మా వాళ్ల పుస్తకాల్లో దీనికి ఫొటోలు కూడా ఉన్నాయి.

"నాకు పెళ్లి కుదిరిందండి" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "రేపల్లెలో టీచరు గారు. నా బస్సులోనే వచ్చేవారు. ఆడవాళ్ల సీట్లు ముందు ఎడమ పక్కనుంటాయి కదండి? ఆవిడ ఇన్నేళ్లూ చూసింది నా ఎడమ పక్కే. పెళ్లయ్యాక రెండో పక్క కూడా చూడాలి గదా."

నేను కాగితాల వైపు తల వంచుకున్నాను. తలెత్తితే ఏం జరుగుతుందో నాకే తెలియదు.

మళ్లీ అదే చీటీ, అదే పాఠం. "మొహం మొత్తానికి రాయాలి ప్రభుదాసు గారూ, ఒక పక్కకే కాదు" అని రెండుసార్లు చెప్పాను. సరేనండి సరేనండి అన్నాడు. వెళ్లబోతూ, మీరు ఊహించారు కదా, గుమ్మంలో ఆగాడు. "మేడమ్, ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి. అబ్బే, ఈయనేంటి ఇలా అనుకుంటారు."

కొత్తగా వృత్తిలోకి వచ్చేవాళ్లకి ఒక మాట. రోగి రహస్యం దాచడం గురించి కాలేజీలో చెప్పేటప్పుడు పెద్ద పెద్ద రోగాల పేర్లే చెబుతారు. నా అనుభవంలో దాచడానికి నేను ఎక్కువ కష్టపడింది ఈ ఒక్క క్రీము ట్యూబునే.

మరదలి సాయం

టీచరు గారి తమ్ముడి భార్య సునీత ఈ పెళ్లికి మొదటి నుంచీ ఎదురే. "మనవల్ని ఆడించే వయసులో పెళ్లేంటి వదినా, మేం నలుగుర్లో తలెత్తుకోవద్దా?" అని రోజూ సాధించేదట. టీచరు గారు లొంగలేదు. పెళ్లి ఆగదని ఖాయమయ్యాక సునీతకి ఇంకో బెంగ మొదలైంది. ఫొటోల్లో వదిన మొహం ఇలా ఉంటే మా పరువేం కావాలి అని. పెళ్లి చేసుకోవడం పరువు తక్కువ. చేసుకున్నాక నల్లగా కనిపించడం ఇంకా పరువు తక్కువ.

ఆవిడే ఒక ట్యూబు తెచ్చిపెట్టింది. చీటీ లేకుండా మందుల షాపుల్లో దొరికే మూడు మందుల క్రీము అది. అందులో ఒకటి నేనిచ్చిన మందే. రెండోది రంగు తగ్గించేది. మూడోది స్టెరాయిడ్. మంగు మచ్చలకి కొద్దికాలం, డాక్టరు చూస్తూ ఉండగా వాడాల్సిన మందు. మన జిల్లాలో మాత్రం దాన్ని కుంకుమ, కాటుక లాగా వాడతారు. "డాక్టరమ్మ ఇచ్చింది నత్తనడక వదినా. ఇది చూడు, మా పార్లరావిడ కూతురికి పెళ్లికి ముందు ఇదే వాడారు" అందట సునీత.

టీచరు గారు రెండూ కలిపి రాశారు. ముందు అద్భుతం జరిగింది. మచ్చలు పోయాయి, మొహం నిగనిగలాడింది. చర్చిలో అందరూ "పెళ్లికళ వచ్చేసిందండీ" అన్నారు. స్టెరాయిడ్ చేసే మోసం ఇదే. మొదటి నెలలో దానికి వచ్చినంత మంచిపేరు ఏ మంచి మందుకీ రాదు. మొహం బాగుంది కదా అని టీచరు గారు నా దగ్గరికి రావడం మానేశారు. బాగుంది కదా అని ఒక రోజు ఆ ట్యూబునీ మానేశారు. అప్పుడు తిరగబడింది.

తడిగుడ్డ

పెళ్లి ఇంకా రెండు వారాలుందనగా ఆవిడ తెనాలి క్లినిక్కుకి వచ్చారు, కొంగు మొహానికి చుట్టుకుని. కొంగు తీశారు. మొహమంతా ఎర్రగా వాచి, పొక్కులు లేచి, పొట్టు రాలుతోంది. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

జరిగిందంతా చెప్పి, "పెళ్లి వద్దనుకుంటున్నానండి" అన్నారు. "ఆయనకి ఫోనులో జ్వరమని చెప్పా. రేపో ఎల్లుండో అసలు మాట చెప్పేస్తా."

"ఇది తగ్గుతుంది టీచరు గారూ. టైము పడుతుంది గానీ తగ్గుతుంది."

"తగ్గుతుంది లెండి. నేను అనేది అది కాదు. ఇన్నేళ్లూ అద్దంలో పాపిడి సరిగ్గా ఉందా లేదా అనే చూసుకున్నా. ఈ నాలుగు నెల్లూ రోజంతా అద్దం ముందే. అందరూ నవ్వే వయసులో ఆశ పడ్డా. దానికి ఇది శిక్ష."

"శిక్ష కాదండి, స్టెరాయిడ్" అన్నాను. ఇంకేం చెప్పను? అవతల ఆయన కుడి చెంప ఏ స్థితిలో ఉందో నాకు తెలుసు. చెప్పే హక్కు నాకు లేదు. అన్ని క్రీములూ ఆపించి, మా నర్సు లలిత చేత చల్లని తడిగుడ్డ మొహం మీద వేయించి, కాసేపు బయట గదిలో కూర్చోమన్నాను. మొహంలో ముక్కు రంధ్రాలు తప్ప ఇంకేం కనపడకుండా లలిత గుడ్డ కప్పింది.

ఇంకో రోగిని చూస్తున్నాను. బయట నుంచి తెలిసిన గొంతు వినపడింది. తలుపు సందులోంచి చూస్తే, ప్రభుదాసు గారు టీచరు గారి పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. బాపట్లలో నా రోజు దాకా ఆగలేక తెనాలి వచ్చేశారన్నమాట. మెడలో తువ్వాలు. కుడి చెంప ఎర్రగా, పొట్టు లేస్తూ. ఎడమ చెంప నిమ్మళంగా. నేను రెండుసార్లు చెప్పిన మాట వినలేదన్నది స్పష్టం.

"ఏంటమ్మా, కాలిందా?" అన్నారాయన తడిగుడ్డతో, జాలిగా.

తడిగుడ్డ లేదన్నట్టు అడ్డంగా ఊగింది.

"క్రీమేనా? నాదీ అదేనమ్మా. మంటా మంటా కాదు. ఎవరితో చెప్పుకోను? ఈ వయసులో పెళ్లి కుదిరింది నాకు. ఆవిడ వీడియో కాలు చేస్తే ఎడమ పక్కే పెట్టి మాట్లాడుతున్నా. ఇప్పుడేమో జ్వరమంటారు, పెళ్లి గురించి తర్వాత మాట్లాడదాం అంటారు. ఎవరో చెప్పేసుంటారు, ఆయన మొహం సగం ఊడిపోయిందని. చదువుకున్న మనిషి, నన్నెందుకు చేసుకుంటారు లెండి."

తడిగుడ్డ లోపలి నుంచి, తరగతి గది చివరి బెంచీ దాకా వినిపించే గొంతు వచ్చింది.

"ఎడమ పక్క ఎందుకు రాయలేదు?"

ప్రభుదాసు గారు లేచి నిలబడ్డారు. ఆవిడ గుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆయన ఆవిడ మొహం చూశారు, ఆవిడ ఆయన మొహం చూశారు. బల్ల మీదున్న రోగులందరూ ఇద్దరినీ చూశారు.

"బాగానే ఉంది గదా, మందు దండగెందుకని..." అన్నారాయన.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. ఎండిన పెదవి పగిలి నొప్పి పుడితే "అబ్బా" అని, మళ్లీ నవ్వారు. నేను బయటికి వచ్చాను. టీచరు గారు నా వంక తిరిగి, "డాక్టరు గారూ, ఈయన మీ దగ్గరికి వస్తున్నట్టు మీకు తెలుసు" అన్నారు.

"తెలుసండి."

"నాకు చెప్పలేదే?"

"మీ సంగతి ఆయనకీ చెప్పలేదు."

ఆయన ఆశ్చర్యంగా, "టీచరు గారికేం పని ఇక్కడ? ఆవిడకేం తక్కువ?" అన్నారు.

ఆ మాటతో ఆవిడ నవ్వు ఆగిపోయింది. అప్పటిదాకా పొడిగా ఉన్న కళ్లు తడిశాయి. ఉప్పు నీళ్లు తగిలితే ఆ చర్మం ఇంకా మండుతుందని చెప్పాల్సిన డాక్టర్ని, చెప్పకుండా లోపలికి వెళ్లిపోయాను.

పెళ్లి ఫొటోలు

పెళ్లి అనుకున్న రోజునే రేపల్లె చర్చిలో జరిగింది. అప్పటికి ఆవిడ వాపు తగ్గింది గానీ ఎరుపు పోలేదు. ఆయన చెంప ఇంకా పొట్టు రాలుతూనే ఉంది. మేకప్ మనిషిని తెచ్చిన సునీతని టీచరు గారు గుమ్మంలోంచే పంపేశారు. "ఇంకొక్క క్రీము నా మొహానికి తగిలిందంటే నువ్వే నిలబడాలి పాస్టరు గారి ముందు" అన్నారట.

విందులో నా పక్కన కూర్చున్నావిడ, "ఇద్దరికీ ఒకటే ఎలర్జీ అంటండి, సంబంధం బాగా కుదిరింది" అంది. ఆ వెటకారానికి నేను మనస్ఫూర్తిగా అవునన్నాను.

ఆల్బమ్ తర్వాత చూశాను. ఫొటోగ్రాఫరు కంప్యూటరులో ఇద్దరి మొహాలనీ తుడిచేశాడు. మచ్చ లేదు, గీత లేదు, ఎరుపు లేదు. మైనపు బొమ్మల్లా ఉన్నారు. ఏడాది పాటు నేను తంటాలు పడినా సాధించలేనిది ఆ కుర్రాడు ఒక్క మీట నొక్కి సాధించాడు. సునీత ఆల్బమ్ చూసి ఎంతో తృప్తి పడింది. వదిన ఎలా ఉందన్నది ఆవిడకెప్పుడూ సమస్య కాదు కదా, ఎలా కనిపించిందన్నదే.

కొత్త డాక్టరమ్మకి

ముడతలకి మందు అడిగినవాళ్లని వెక్కిరించకు. నువ్వు నవ్వితే వాళ్లు నవ్వని చోటికి వెళ్తారు. ఆ చోట స్టెరాయిడ్ ఉంటుంది. ఏం కావాలని అడగడంతో ఆగిపోకు, ఎందుకు కావాలో కూడా అడుగు. ఇంట్లో ఇంకేం రాస్తున్నారో అడుగు, ఏమీ లేదంటే మళ్లీ అడుగు. క్రీము చేసేది కొంచెమే అని ముందే చెప్పు, ఆ కొంచెం నిజమేనని కూడా చెప్పు. రెండో మాట చెప్పకపోతే మొదటి మాట ఎవరూ నమ్మరు.

టీచరు గారి చర్మం నిమ్మళించాక, వేసవి దాటించి, ఇద్దరికీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించాను. రోజు విడిచి రోజు, బఠాణీ గింజంత. ఈసారి ఎవరి దగ్గరా దాచక్కర్లేదు కాబట్టి ఒకరికొకరు రాసుకునేవాళ్లు. క్లినిక్కు వదిలేసే ముందు ఇద్దరూ కలిసి చూపించుకోవడానికి వచ్చారు. చర్మం నునుపు తేలింది. మచ్చలు పలచబడ్డాయి, పోలేదు. ఆయన లోతు ముడతలు అలాగే ఉన్నాయి.

వైద్యానికి ముందు తీసిన ఫొటో, ఇప్పటి ఫొటో పక్కపక్కన పెట్టి చూపించడం మా పద్ధతి. కంప్యూటరు తెర టీచరు గారి వైపు తిప్పబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"పాత ఫొటో వద్దులెండి డాక్టరు గారూ" అన్నారు. "ఆ మనిషికి ఇంకా పెళ్లి కాలేదు."